స్పాటింగ్ స్కోపుతో ఫొటోలు: బరువు సరితూగితే ట్రైపాడ్ నిలుస్తుంది

ప్రశ్న: నా దగ్గర 80 మి.మీ. స్పాటింగ్ స్కోపు (దూరపు పక్షులను చూసే చిన్న టెలిస్కోపు), తేలికపాటి అల్యూమినియం ట్రైపాడ్ ఉన్నాయి. పళ్ళికరణై చిత్తడి నేల పక్కన నిలబడి పక్షులను కంటితో చూసేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) వెనుక అడాప్టరుతో చిన్న కెమెరా బిగించి ఫొటో తీస్తే మాత్రం చాలావరకు చెదిరిపోతున్నాయి. పైగా ట్రైపాడ్ పైన స్కోపును పట్టి ఉంచే హెడ్‌ను ఎంత బిగించినా స్కోపు మెల్లగా వెనక్కి వాలిపోతోంది. బరువైన ట్రైపాడ్ కొనక తప్పదా?
— ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఇప్పుడే కొనకండి. స్కోపు వెనక్కి వాలడమూ, ఫొటోలు చెదరడమూ చాలావరకు ఒకే లోపం వల్ల జరుగుతున్నాయని మా అభిప్రాయం. స్కోపు అడుగున ఉండే పాదం స్కోపు బరువును మోయడానికి తగిన చోట ఉంటుంది. వెనుక కొసన కెమెరా చేరగానే బరువంతా ఐపీస్ వైపు జరిగి, ఒక పక్కనే మూట కట్టిన కావడిలా హెడ్ మీద మొగ్గుతుంది. అప్పుడు మర ఎంత బిగించినా, చేయి తీయగానే కొంచెం జారుతుంది, షటర్ నొక్కిన అదురు చాలాసేపు ఆగదు.

స్కోపు పాదం కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్న ప్లేటు బిగించండి. అది మీ హెడ్ గాడిలో సరిగా కూర్చునేదై ఉండాలి. కెమెరాతో సహా అన్నీ అమర్చాక, ఐపీస్ కింద ఒక అరచేయి ఉంచి, పైకీ కిందికీ వంచే మరను సడలించండి. అరచేతి మీద బరువు ఆనితే, మరను మళ్ళీ బిగించి, ప్లేటును వేలెడంత ముందుకు జరిపి తిరిగి చూడండి. స్కోపు ఎటూ ఒరగకుండా వదిలిన చోటే నిలిచినప్పుడు, ప్లేటు అంచున పెన్నుతో గీత పెట్టుకోండి. బంతి ఆకారపు హెడ్ అన్ని వైపులకూ ఒరుగుతుంది కాబట్టి, ఈ పనికి పైకీ కిందికీ, పక్కలకూ మాత్రమే తిరిగే వీడియో హెడ్ మేలు.

ఇక ట్రైపాడ్ సంగతి. మధ్య కాలమ్‌ను (కాళ్ళ నడుమ పైకి లేచే కడ్డీని) పూర్తిగా దించండి. కాళ్ళలో లావు భాగాలను ముందుగా తెరిచి, సన్నవాటిని అవసరమైతేనే లాగండి. ఒక కాలు పక్షి వైపు ఉంటే, మిగిలిన రెండింటి నడుమ కాలు తగలకుండా నిలబడవచ్చు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది కనుక, కాలమ్ కొక్కేనికి సంచి తగిలించేటప్పుడు దాని అడుగు నేలను తాకేలా చూడండి, ఎందుకంటే గాలిలో ఊగే సంచి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. కెమెరా బెల్టును విప్పేయండి. తొరైపాక్కం–పల్లావరం రోడ్డు పక్కన నిలబడితే, లారీ వెళ్ళినప్పుడు నేలే అదురుతుంది, అది దాటేవరకు ఆగండి.

జూమ్‌ను 20 రెట్ల దగ్గరే ఉంచమని గట్టిగా చెబుతాము. 60 రెట్లకు వెళితే అదురు మూడింతలై కనిపిస్తుంది, సెన్సర్ మీద పడే వెలుతురు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. అంటే షటర్ సెకనులో 450వ వంతు సేపు తెరిస్తే సరిపోయిన చోట 50వ వంతు పెట్టవలసి వస్తుంది. షటర్‌కు 2 సెకన్ల టైమర్ వాడండి.

ఇంత చేసినా ఫొటో మెత్తబడితే, దూరంగా కదలని గుంజ ఒకదాన్ని కెమెరా తెరమీద పెద్దది చేసి చూడండి. గుంజ మొత్తంగా ఊగితే లోపం ఇంకా ట్రైపాడ్‌లోనే ఉంది. దాని అంచులు నీటిలో నీడలా విడివిడిగా అలలాడితే అది ఎండకు కాగిన గాలి. దానికి ఏ ట్రైపాడూ మందు కాదు, మర్నాడు తెల్లవారగానే వెళ్ళండి.