తాతయ్య చెప్పిన కరెంటు కోత

చిట్టీ,

ఉద్యోగం మానేసి మద్రాసు వస్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. తరమణిలో రీసెర్చ్ అట, కొత్త కంపెనీలు ఎందుకు నిలబడతాయో, ఎందుకు మూతపడతాయో చూస్తావట. వాడికేమో భయం, నాకేమో గర్వం. ఫోన్ పెట్టేశాక నాకూ భయం పట్టుకుంది. ఇక్కడి అంబత్తూరు, గిండీ పారిశ్రామిక ఎస్టేట్ల షెడ్లకు చాలా ఏళ్లు లెక్కలు రాసిన అత్తని, నోరు మూసుకుని ఉండలేను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఫోన్ చేయకుండా ఎవరి షాపుకీ వెళ్లకు. ప్రతి నెలా 20వ తేదీ దగ్గర పడుతున్నప్పుడు అసలు వెళ్లకు, జీఎస్టీ టెన్షన్‌లో ఉంటారు. టీ ఇస్తే వద్దనకు. కాస్త తమిళం నేర్చుకో. ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో పెట్టుకుని రా, ఫెలోషిప్ డబ్బు టైముకి వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకు.

నీ నోట్సు చదివాను. కాలిఫోర్నియాలో ఒక కంపెనీ వదిలిన ఉద్యోగి పోటీ కంపెనీలో చేరినా, సొంతంగా పెట్టుకున్నా ఒప్పందం చూపించి ఆపడం కుదరదని, సిలికాన్ వ్యాలీ ఎదగడానికి అదొక కారణమని రాశావు. బాగుంది. మన కాంట్రాక్ట్ యాక్ట్ 1872 నాటిది. అందులో 27వ సెక్షన్ చెప్పేదీ దాదాపు అదే, బీకాంలో బట్టీ పట్టాను. ఆ చట్టం దేశమంతటికీ ఉందిగా. మరి చెన్నైలో, బెంగళూరులో పుట్టినన్ని కంపెనీలు మిగతా ఊళ్లలో ఎందుకు పుట్టలేదు? పెట్టుబడి సంగతీ అంతే. సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో 1996లో మొదలై బయటి పెట్టుబడి లేకుండానే పెరిగింది. అక్కడ పని చేసినవాళ్లే బయటికొచ్చి 2010లో ఫ్రెష్‌వర్క్స్ పెట్టారు, పెట్టుబడులు తెచ్చుకున్నారు, 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్ట్ చేశారు. రెండూ ఈ ఊరివే. కాబట్టి ఒక కారణం దొరగ్గానే సంబరపడిపోకు.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం నీ ఫారంలో ఉన్న ఒక ప్రశ్న. ‘మీ వ్యాపారం ఎందుకు మూతపడింది? కింది వాటిలో ఒకదానికి టిక్ పెట్టండి.’

సరిగ్గా ఇదే ప్రశ్న మీ తాతయ్యను అడిగారు. పక్క బల్ల దగ్గర కూర్చుని విన్నాను.

మా నాన్న, అంటే మీ తాతయ్య షెడ్డు అంబత్తూరు ఎస్టేట్‌లో ఉండేది. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీన్. యంత్రాలకు బుష్‌లు, పిన్నులు చేసేవాళ్లం. సరుకు దాదాపు అంతా ఒకే పెద్ద కంపెనీకి వెళ్లేది. ఆర్డర్ కాగితం మీద అరవై రోజుల్లో డబ్బు అని ఉండేది, చేతికొచ్చేసరికి ఐదారు నెలలు. ఉక్కు కొట్టువాడికి మాత్రం రొక్కం ఇవ్వాలి, పనివాళ్లకు శనివారం సాయంత్రం కూలి ఇవ్వాలి. డబ్బు వచ్చినా రాకపోయినా బిల్లు వేసిన నెల లెక్కకే సేల్స్ టాక్స్ కట్టాలి. బిల్లు ఒప్పుకుంటున్నామని ఆ కంపెనీ ఒక సంతకం పెడితే బ్యాంకువాళ్లు డిస్కౌంట్ చేసి, అంటే కొంత కోసుకుని, ముందే డబ్బిచ్చేవాళ్లు. ఆ సంతకం పెట్టేవాళ్లు కాదు. నాన్న టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి వాళ్ల పర్చేజ్ ఆఫీసు వరండాలో పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. ‘వచ్చే వారం రండి’ అనేవాళ్లు.

అప్పుడు వాళ్లు ఆర్డర్ రెట్టింపు చేశారు. ఇంట్లో పాయసం. అమ్మ వంకీలు ఆ నెలలోనే కుదువకు వెళ్లాయి, ఉక్కు రెట్టింపు కొనాలి కదా మరి. ఆర్డర్ పెరిగినకొద్దీ అప్పు పెరిగింది. షెడ్డు మూసిన ఏడాది లెక్క తేల్చింది నేనే. కాగితం మీద లాభం చూపించింది, చిట్టీ! రావాల్సిన బాకీలన్నీ ఆస్తి కింద దర్జాగా కూర్చున్నాయి.

తర్వాత కొన్నాళ్లకు సర్వేవాళ్లు ఇంటికొచ్చి అడిగితే నాన్న తడుముకోకుండా ‘కరెంటు కోత’ అన్నాడు. వాళ్లు రాసుకుని వెళ్లిపోయారు. అదేంటి నాన్నా అంటే, ‘బాకీ ఇంకా రావాలి కదే. పేరు బయటపడితే ఆ నాలుగు డబ్బులూ రావు. కరెంటు కోత అంటే ఎవరికీ కోపం రాదు’ అన్నాడు. ఆ బాకీ పూర్తిగా ఎప్పటికీ రాలేదు. ఏ రిపోర్టులోనో ఏ పట్టికలోనో మా షెడ్డు మాత్రం కరెంటు లేక చచ్చినట్టు ఉండి ఉంటుంది.

ఇప్పుడు చట్టం ఉంది కదా అంటావు. ఉంది. చిన్న పరిశ్రమల కోసం వచ్చిన 2006 చట్టం ప్రకారం చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి, ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. 2023–24 లెక్కల నుంచైతే, గడువులోపు కట్టని బాకీని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా ఇన్‌కంటాక్స్‌లో చూపించుకోలేడు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. కానీ రేపు ఆర్డర్ కావాల్సినవాడు ఇవాళ ఫిర్యాదు పెడతాడా? అది కనుక్కో. ఈ నిబంధన వచ్చాక చిన్నవాళ్లకు ఆర్డర్లు పెరిగాయా తగ్గాయా, అదీ అడుగు. సాఫ్ట్‌వేర్ కదా, ఉక్కు కొనక్కర్లేదు కదా అనుకోకు, జీతాలు ప్రతి నెలా ఇవ్వాలి.

ఆ టిక్కుల ప్రశ్న కొట్టెయ్. ఆఖరి పది బిల్లులు ఏ తేదీన వేశారు, డబ్బు ఏ తేదీన వచ్చింది, అమ్మకాల్లో ఒక్క కొనుగోలుదారు వాటా ఎంత, ఈ మూడూ అడుగు. యజమాని చెప్పకపోతే అతని అనుమతితో లెక్కలు రాసే మనిషి దగ్గర కూర్చో. సరుకు అప్పిచ్చే కొట్టువాడికి అందరి నాడీ తెలుసు. ఇంకొకటి, తరమణి రీసెర్చ్ పార్క్‌లో ఏసీ గదుల్లో ఉన్నవాళ్లనే కలిసి పని అయిపోయిందనుకోకు. షట్టరు దించేసి ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలి. ఎండలో తిరగాలి, గొడుగు పట్టుకో, సిగ్గుపడకు. కొందరు విసుక్కుంటారు, ఏడ్చేవాళ్లూ ఉంటారు. వాళ్ల ముందు నోట్‌బుక్ తీయకు. వైఫల్యమే గురువు లాంటి పోస్టర్ మాటలు వాళ్ల దగ్గర అన్నావో, నా చేతిలో అయిపోతావు.

నాన్న లెడ్జర్లు విల్లివాక్కం ఇంట్లో అటక మీదే ఉన్నాయి, ఎలుకలు కొట్టినవి పోగా. నీ పట్టికలో మొదటి వరస వాటితో వేసుకో. తేదీలు రాసుకో, ఆ కంపెనీ పేరు రాయకు. ఆదివారం రా. తరమణిలో రైలెక్కి పార్క్ టౌన్‌లో దిగి సబర్బన్ పట్టుకో, ఆటోకి డబ్బు తగలెయ్యకు. భోజనం ఇక్కడే. గోంగూర చేస్తాను, ఇక్కడి గోంగూరకు పులుపు తక్కువ, గొణక్కుండా తిను.

నీ అత్త