నెలసరి నొప్పికి కాపడం నిజంగా పనిచేస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. నెలసరి మొదటి రోజున పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంటుంది. మా అమ్మ నాకు చేసినట్టే నేనూ దానికి వేడినీళ్ల కాపడం పెట్టి, నడుము మర్దన చేస్తున్నాను. వీటివల్ల నిజంగా గుణం ఉంటుందా, లేక ఇదంతా మన తృప్తి కోసమేనా?
– ఒక తల్లి

జవాబు: మీ అమ్మగారు చేసినది సరైన వైద్యమే. నెలసరి సమయంలో గర్భాశయపు లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. అవి ఎక్కువైతే గర్భాశయ కండరం గట్టిగా బిగుసుకుని, దానికి అందవలసిన రక్తం తగ్గిపోవడం వల్ల ఆ మెలిపెట్టే నొప్పి పుడుతుంది. వేడి తగిలితే కండరం సడలుతుంది, రక్తప్రసరణ మెరుగుపడుతుంది. 2001లో వెలువడిన ఒక పరిశోధనలో, సుమారు 39 డిగ్రీల సెల్సియస్ వేడిని రోజుకు 12 గంటల చొప్పున పొత్తికడుపుపై నిలిపి ఉంచిన స్త్రీలకు, ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రలు వేసుకున్నవారితో సమానంగా ఉపశమనం కలిగింది.

39 డిగ్రీలంటే ఒంటి వేడికంటే కాస్త ఎక్కువ, అంతే. చాలామంది ఇక్కడే పొరబడి, చురుక్కుమనేంత వేడిని ఐదు నిమిషాలు పెట్టి తీసేస్తారు. కావలసింది గోరువెచ్చని వేడి, ఎక్కువసేపు. కాపడం పెట్టే రబ్బరు సంచిలో మరుగుతున్న నీళ్లు పోయకండి. దానికి గుడ్డ చుట్టి, ముందు మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుని, నొప్పి ముదరక మునుపే పెట్టండి. సంచి ఒంటిమీద ఉండగా నిద్రపోనివ్వకండి. ప్రతి నెలా అతి వేడి తగిలితే చర్మంపై వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. అవి కనిపిస్తే వేడి తగ్గించాలి.

మర్దన మానవద్దు. పొత్తికడుపుపై అరచేతితో వలయాకారంగా, మృదువుగా రాస్తే చాలు. చీలమండ లోపలి ఎముకకు నాలుగు వేళ్ల పైన, కాలి ఎముక వెనుక అంచున బొటనవేలితో నొక్కే చైనా సంప్రదాయ పద్ధతి కూడా కొందరికి హాయినిస్తుంది గానీ, దానికి కాపడానికి ఉన్నంత గట్టి ఆధారం లేదు. గర్భిణులు దాన్ని చేయకూడదు. నేను అంతకంటే ఎక్కువగా నమ్మేది వ్యాయామాన్ని. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాలు నడిచినా, ఆసనాలు వేసినా, కొన్ని నెలల్లో నొప్పి తీవ్రత తగ్గే అవకాశం ఉంది.

అయితే నొప్పి నెలనెలా పెరుగుతున్నా, నెలసరి ముగిసినా వదలకపోయినా, గంటకో ప్యాడ్ మార్చవలసినంత రక్తస్రావం ఉన్నా, జ్వరం వచ్చినా కాపడంతో సరిపెట్టకుండా స్త్రీల వైద్యురాలికి చూపించండి. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపలి పొరలాంటి కణజాలం గర్భాశయం బయట పెరగడం) వంటి జబ్బు, ఆడపిల్లలు నొప్పి ఓర్చుకోవాలన్న మాట చాటున, ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది. నొప్పి ఏ తేదీన మొదలై ఎన్ని గంటలు ఉన్నదీ, బడి మానవలసి వచ్చిందా అన్నదీ మూడు నెలలపాటు మీ అమ్మాయి చేతే రాయించి, ఆ కాగితం వెంట తీసుకువెళ్లండి. పైన చెప్పిన లక్షణాలు ఉంటే మాత్రం మూడు నెలలు ఆగకండి.