కొండెక్కితే ఐడ్లింగ్ నిలవని స్నోమొబైల్: ‘యాజ్ ఈజ్’ సంతకం డీలర్‌ను కాపాడుతుందా?

ప్రశ్న: కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో ఒక డీలర్ దగ్గర 4,800 డాలర్లకు పాత టూ-స్ట్రోక్ స్నోమొబైల్ కొన్నాను. రెండు కార్బ్యురేటర్ల బండి. ‘హై ఆల్టిట్యూడ్ జెట్టింగ్ చేసి ఉంది’ (అంటే ఎత్తైన చోట్లకు తగ్గట్టు కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచే జెట్లు మార్చారు) అని ప్రకటనలో రాశారు. డీలర్ ఆవరణలో చక్కగా నడిచింది. వెయిల్ పాస్‌కు తీసుకెళ్తే మాత్రం ఐడ్లింగ్‌లో నిలవదు, కాసేపటికే ప్లగ్గులు తడిసి ఆగిపోతోంది. ‘ఎత్తుకెళ్తే ఏ బండైనా అంతే, పైగా మీరు యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం) కాగితం మీద సంతకం పెట్టారు’ అంటున్నాడు డీలర్. నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: మీ దావా బలం ‘యాజ్ ఈజ్’ అన్న రెండు మాటల మీద కంటే మీ పైలట్ జెట్ (ఐడ్లింగ్‌లో పెట్రోలు కొలిచే జెట్) మీద అచ్చయిన అంకె మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. అందుకే ముందు ఇంజిన్ సంగతి చెబుతాను.

డెన్వర్ 5,280 అడుగులు, వెయిల్ పాస్ 10,662 అడుగులు. వెయ్యి అడుగులకు గాలి సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. గాలి పలచబడినంతగా కార్బ్యురేటర్ పెట్రోలు తగ్గించదు కాబట్టి మిక్చర్ రిచ్ అవుతుంది (గాలికి పెట్రోలు ఎక్కువవుతుంది), ప్లగ్గులు నల్లబడి తడుస్తాయి. డీలర్ ఇంతవరకు చెప్పింది నిజమే. కానీ ‘హై ఆల్టిట్యూడ్ జెట్టింగ్’ అనేది సరిగ్గా ఈ ఇబ్బంది రాకుండా చేసే పని. అది చేశామని రాసిన మనిషి ఇప్పుడు ఎత్తును సాకుగా చూపలేడు.

చాలామంది మెయిన్ జెట్లు మాత్రం మార్చి పని అయిపోయిందనుకుంటారు. మెయిన్ జెట్ ప్రభావం ఎక్కువగా ముప్పావు థ్రాటిల్ పైన. ఐడ్లింగ్‌ను నడిపేవి పైలట్ జెట్, గాలిని సరిచేసే ఎయిర్ స్క్రూ. మీ బండిలో జరిగింది ఇదే అయి ఉండవచ్చు. ఇంజిన్ వేడెక్కాక, చోక్ పూర్తిగా ఆఫ్‌లో ఉందని చూసి, రెండు కార్బ్యురేటర్ల ఎయిర్ స్క్రూలనూ సమానంగా పావు చుట్టు చొప్పున బయటికి తిప్పించండి. ఐడ్లింగ్ మెరుగైతే మిక్చర్ రిచ్‌గా ఉన్నట్టే. రెండున్నర చుట్లు దాటినా ఇంకా మెరుగవుతూనే ఉంటే పైలట్ జెట్ పెద్దదైంది. (స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది ఫ్యూయల్ స్క్రూ కావచ్చు. అప్పుడు తిప్పడం తలకిందులు.) పైలట్ జెట్ అంకెను తయారీదారు పట్టికలో ఆ ఎత్తుకు, ఆ రోజు చలికి ఇచ్చిన అంకెతో పోల్చాలి.

డెన్వర్‌లో కూడా ఐడ్లింగ్ తేడాగా ఉంటే, లేదా రేస్ చేసి వదిలాక ఇంజిన్ వేగం వెంటనే దిగకపోతే, లోపం వేరు: కార్బ్యురేటర్ బూట్ల (ఇంజిన్‌కు కలిపే రబ్బరు గొట్టాలు) దగ్గర, క్రాంక్ సీళ్ల (క్రాంక్ షాఫ్ట్ చివర్ల సీళ్లు) దగ్గర గాలి లీకు. లీకు వల్ల మిక్చర్ లీన్ అవుతుంది (గాలికి పెట్రోలు తక్కువవుతుంది), కాబట్టి పైకి వెళ్తే పరిస్థితి మెరుగవ్వాలి, దిగజారకూడదు. మెకానిక్‌తో కంప్రెషన్ (సిలిండర్‌లో పీడనం) కొలిపిస్తే రిపోర్టులో ఎత్తు రాయించడం మరవద్దు. సముద్ర మట్టంతో పోలిస్తే డెన్వర్‌లో గాలి పీడనం సుమారు 83 శాతం, వెయిల్ పాస్ దగ్గర 67 శాతం. గేజ్ రీడింగ్ కూడా అలాగే పడిపోతుంది. ఎత్తు లేని రిపోర్టును ఎదుటి పక్షం ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తుంది.

ఇక చట్టం. కొలరాడో వాణిజ్య కోడ్ 4-2-313 ప్రకారం, అమ్మకానికి ఆధారమైన వాస్తవ కథనం వారంటీయే; ‘గ్యారంటీ’ అన్న పదం అక్కర్లేదు. ‘అద్భుతమైన బండి’ పొగడ్త, ‘జెట్టింగ్ చేసి ఉంది’ వాస్తవ కథనం. 4-2-316 కింద ‘యాజ్ ఈజ్’ అవ్యక్త వారంటీలను (ఎవరూ చెప్పకపోయినా చట్టం ఉన్నాయనుకునే వాటిని) తుడిచేస్తుంది కానీ, స్పష్టంగా ఇచ్చిన మాటను తుడవలేదు. ఒక్క చిక్కు: ‘ఈ కాగితంలో ఉన్నదే మొత్తం ఒప్పందం’ అన్న షరతు ఉంటే ప్రకటనను సాక్ష్యంగా తేవడం కష్టమవుతుంది. మీ కాగితం మళ్లీ చదవండి. అది ఉన్నా, తెలిసి అబద్ధం రాశాడని చూపగలిగితే కొలరాడో వినియోగదారుల రక్షణ చట్టం కింద వేరే దారి ఉంది. లెమన్ లా (లోపాలున్న వాహనాల కొనుగోలుదారులకు రక్షణ చట్టం) మీద ఆశ పెట్టుకోవద్దు, అది రోడ్డు వాహనాలకు.

తేలింది పైలట్ జెట్ తేడా మాత్రమే అయితే మొత్తం డబ్బు రాదు. కొనుగోలు రద్దుకు (4-2-608) బండి విలువ గణనీయంగా దెబ్బతిన్నదని చూపాలి. జెట్ల ఖర్చు, మెకానిక్ కూలి అంత దూరం వెళ్లవు. ఆ ఖర్చులు మాత్రం న్యాయంగా మీకు రావాలి. క్రాంక్ సీళ్లు, పిస్టన్లు పోయాయని తేలితే మొత్తం పెరుగుతుంది, కానీ అప్పుడు జెట్టింగ్ మాట సరిపోదు. ఇంజిన్ స్థితి గురించి డీలర్ రాసిన వాక్యమో, తెలిసి దాచాడన్న ఆధారమో కావాలి.

ఇవాళే చేయాల్సింది నోటీసు. లోపం తెలిశాక సమంజసమైన గడువులో తెలియజేయకపోతే 4-2-607 కింద ఏ పరిహారమూ దక్కదు. ఫోను మాటను తర్వాత రుజువు చేయడం కష్టం. బండి నంబరు, ప్రకటనలోని వాక్యం, ఏ తేదీన ఏ ఎత్తులో ఏం జరిగిందో రాసి, సరిచేయడానికి 14 రోజులిచ్చి, రసీదు వచ్చేలా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. ప్రకటన తీసేయకముందే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ దాచండి.

డీలర్‌కు బండి పరీక్షించే హక్కు ఉంది (4-2-515). ఆ అవకాశం ఇవ్వకముందే జెట్లు మార్చొద్దు, బండి నడపొద్దు. తర్వాత మార్పించినా తీసిన జెట్లు, ప్లగ్గులు పారేయకుండా, అంకెలు కనిపించేలా ఫోటో తీసి కవరులో పెట్టండి. కొండకు సరిపెట్టిన చిన్న జెట్లతో కింద బరువుగా నడిపితే మిక్చర్ లీనై పిస్టన్ పట్టేయవచ్చు; అప్పుడు తప్పు మీ మీదికి వస్తుంది.

14 రోజులకూ కదలిక లేకపోతే డీలర్ దుకాణం ఉన్న కౌంటీలో స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. పరిమితి 7,500 డాలర్లు కాబట్టి మీ మొత్తం అందులో పడుతుంది, లాయరు లేకుండానే వాదించుకోవచ్చు. ఒప్పంద భంగం దావాకు కొలరాడోలో గడువు 3 ఏళ్లు. చాలా రాష్ట్రాల్లో ఉన్న 4 ఏళ్ల లెక్క ఇక్కడ పనికిరాదు.