అమ్మకు బీపీతో పాటు భయానికీ వైద్యం చేయించండి

అమ్మకు 68 ఏళ్లు, బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నా రోజంతా గాబరాగా ఉంటోంది, గంటకోసారి మిషన్ పెట్టి చూసుకుంటోంది, ఏం చేయాలని అడిగారు. మా బాపుకూ అచ్చం ఇట్లాగే ఉండేది. హనుమకొండలో మా వాడకట్టులో ఆయన ఈడు మనిషి పక్షవాతంతో మంచాన పడ్డప్పటి నుంచి మొదలైంది.

అర్ధరాత్రి లేచి చేతికి పట్టీ చుట్టుకునేవాడు. 160 చూపిస్తే భయమేసి వెంటనే మళ్లీ బటన్ నొక్కేవాడు. ఈసారి 172. "బిడ్డా, నాకు సుత చెయ్యి పడిపోతదేమో" అంటూ వేళ్లు ముడిచి, తెరిచి చూసుకునేవాడు. భయపడితే ఎవరికైనా బీపీ పెరుగుతుంది. పెరిగిన అంకె చూస్తే భయం ఇంకా పెరుగుతుంది.

డాక్టరు గారు ముందు థైరాయిడ్, షుగర్, ఈసీజీ చూశారు, ఎందుకంటే వాటిలో తేడా ఉన్నా దడ వస్తుంది. తర్వాత "ఈయనకు బీపీ ఒకటి, భయం ఒకటి. రెండింటికీ మందుంది" అన్నారు. ఆ మాటతోనే బాపు ముఖం తేటపడింది. అప్పటిదాకా అందరం "ఊకె టెన్షన్ పడకు" అనేవాళ్లమే కానీ, అదీ ఒక బాధేనని ఒప్పుకున్నది డాక్టరు గారొక్కరే.

అమ్మకు కూడా మిషన్ పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం మాత్రమే పెట్టండి. ఛాయ్ తాగి అరగంట దాటాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోవాలి. ఆ తర్వాత మిషన్ బీరువాలోకే. ఇంట్లో సగటు 135/85 లోపుంటే మామూలుగా అదుపులో ఉన్నట్టే, కానీ అమ్మ వయసుకు ఎంత ఉండాలో డాక్టరునే అడగండి.

నిద్ర పడుతుందని ఎవరో చెప్పారని మందుల షాపులో ఆల్ప్రాజోలం మాత్రం కొనకండి. పెద్దవాళ్లు ఆ మత్తులో తూలి పడతారు, అలవాటు కూడా అవుతుంది. మోకాళ్లకు వాడే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు బీపీని పెంచుతాయి, అవీ డాక్టరుకు చెప్పండి. భయం తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించండి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. బాపుకు మందులతో పాటు బాగా పనిచేసింది దోస్తులతో భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దుటి నడక. అమ్మను కూడా ఒంటరిగా కూర్చోనివ్వకండి.

ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే అది ఉత్త గాబరా అనుకోవద్దు. అంకె ఎంతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకుండా 180/120 దాటితే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రాసుకున్న పుస్తకంతో పాటు మిషన్‌ను కూడా తీసుకుపోండి. వాళ్ల మిషన్‌తో పోల్చి చూస్తే మీది సరిగా చూపిస్తోందో లేదో తేలిపోతుంది.