వెతుక్కుంటూ వంగితే రాదు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మీ అత్త ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో ఊపిరి వదులుతుంటే నడుము కింద ఏదో ముడి విడినట్టయి పొట్ట తొడలకు ఆనిందని, లేచి కూర్చుంటే కళ్లలో నీళ్లు తిరిగాయని, ఆ తర్వాత ఎంత వంగినా అది మళ్లీ రావడం లేదని రాశావు. "ఏం తప్పు చేస్తున్నానత్తా" అని అడిగావు. తప్పేమీ లేదు. ఆ రోజు నువ్వు ఊరికే వంగావు, ఇప్పుడు దాన్ని వెతుక్కుంటూ వంగుతున్నావు.

కండ లోపల, అది ఎంత సాగుతోందో కనిపెట్టే నరాల చివరలుంటాయి. గబుక్కున లాగితే అవి వెన్నుపాముకు కబురు పెడతాయి, కండ వెంటనే బిగుసుకుంటుంది. చిరిగిపోకుండా ఒళ్లు చేసుకున్న ఏర్పాటది. నిదానంగా వంగి, అరనిమిషమో నిమిషమో అక్కడే ఉండి, ఊపిరి వదులుతూ పోతే ఆ కాపలా సడలుతుంది. ఒక్క పూటలో కండ పొడవు పెరగదు నాయనా. ఇంతవరకూ పోవచ్చని నరాలు ఒప్పుకుంటాయి, అంతే. ఆ ఒప్పుకోలు రోజూ ఒకేలా ఉండదు. నీకేమో రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో దాదాపు 70 కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ అంతే, మధ్యలో కంప్యూటర్ ముందు కుర్చీ. ఆదివారం నిద్ర తీరాక లేచి చేసింది, బుధవారం పొద్దున బస్సు టైమ్ చూసుకుంటూ చేస్తే ఎట్లా వస్తుంది?

పైగా ఇది మే నెల. మన తిరుపతి ఎండకు అందరి ఒళ్లూ మెత్తబడే ఉంటుంది, దాన్ని చూసి ఎదిగిపోయామనుకోకూడదు. మార్గశిరంలో తెల్లవారుజామున చాప పరిచినప్పుడు బిగిసిపోతే దిగజారామనీ అనుకోకూడదు.

కన్నీళ్ల సంగతి. యోగాలో చెప్పే చక్రం ఏదో నీ ఒంట్లో తెరుచుకుందని ఎవరైనా చెబితే విని ఊరుకో. నాకు తెలిసింది ఇంతే: ఊపిరి వదలడం పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు ఊరట పడుతుంది. వారమంతా టెన్షన్ బిగబట్టుకుని తిరిగేవాడికి ఆ ఊరటలో ఏడుపు రావడం వింత కాదు, చాలామందికి వస్తుంది. రానియ్యి. అయితే మామూలప్పుడు కూడా ఊరికూరికే ఏడుపొస్తున్నా, నిద్ర పట్టకపోతున్నా దాన్ని యోగా ఖాతాలో వేయకుండా డాక్టరుతో మాట్లాడు.

ఇక వంగడం. తొడ వెనక కండలు మనం కూర్చున్నప్పుడు నేలకు ఆనే పిరుదుల ఎముకకు అతుక్కుని ఉంటాయి. నువ్వు వీపును విల్లులా వంచి కాలివేళ్లు అందుకుంటే ఆ కండలకు పనే తగలదు, బాధంతా నడుముకు. మడతపెట్టిన దుప్పటి మీద కూర్చో, మోకాళ్లు కాస్త లేపు, తుంటి దగ్గర నుంచి ముందుకు వాలు. వేళ్లు అందకపోతే పోనీ. ఎక్కడ లాగుతోందో చూడు. తొడ వెనక మధ్యలో వెడల్పుగా లాగితే మంచిది, అక్కడే ఉండు. సరిగ్గా పిరుదు ఎముక దగ్గర సూదితో పొడిచినట్టుంటే వెనక్కి రా, అది కండ అతుక్కునే చోటు, దెబ్బ తింటే నెలల తరబడి మానదు. మోకాలి వెనక నుంచి పాదం దాకా జివ్వుమంటూ పాకితే అది నరం, లాగొద్దు. ఈ మూడింటికీ తేడా తెలిసిన రోజు నీకు నిజంగా కొత్తది ఏదో దొరికినట్టు. తల మోకాలికి ఆనిందా లేదా అన్నది నన్నడిగితే ఫొటోలకే పనికొస్తుంది.

పద్మాసనం రావడం లేదన్న దిగులు కూడా మానెయ్. తుంటి కీలులో గుంట లోతు, అది తిరిగిన దిక్కు మనిషి మనిషికీ వేరు. తుంటి తిరగనప్పుడు పాదాన్ని బలవంతంగా పైకి లాగితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది, మోకాలు తలుపు బందులాంటిది, ముడుచుకుని తెరుచుకోవడమే దాని పని. మీ తాతకు పద్మాసనం సులువుగా వచ్చేది, పుట్టిన దగ్గర నుంచి నేల మీద కూర్చుని సంగటి తిన్న మనిషి. నువ్వూ రాత్రి భోజనం కింద కూర్చుని తిను, దానికి చాప, గురువు అక్కర్లేదు. గురువంటే గుర్తొచ్చింది, వీపు మీద చేతులేసి అదిమే క్లాసుకు మాత్రం పోవద్దు. నీ నొప్పి నీకు తెలుస్తుంది, అదిమేవాడికి తెలియదు.

ఒంటిమీద ఎరుక రావాలంటే తేలికవాటితోనే వస్తుంది. నీ పాత చెప్పులు తిరగేసి చూడు, ఏ మడమ ఏ వైపు ఎక్కువ అరిగిందో. తర్వాత తాడాసనంలో నిలబడి బరువు అటే పడుతోందేమో చూసుకో. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో కళ్లు మూసుకో, గోడ దగ్గరే సుమా. కళ్ల సాయం పోగానే చీలమండ చుట్టూ చిన్న చిన్న కండలు ఎంత గొడవ పడుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. ఏ ఆసనంలో ఉన్నా పళ్లు బిగించావా, నాలుక అంగిలికి నొక్కావా, కనుబొమలు ముడిచావా అని ఒకసారి చూసుకో. నువ్వు బిగిస్తావు, చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడూ అంతే. అయ్యాక నోట్‌బుక్‌లో ఒక లైను రాయి. "బాగుంది" అని రాయకు. "కుడి తుంటి ముందే పట్టేసింది, మూడో ఊపిరికి వదిలింది" అని రాయి.

వచ్చే నెల అలిపిరి నుంచి నడిచి కొండెక్కుదామన్నావు, సంతోషం. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఏకబిగిన ఎక్కుడే, అక్కడే ఆయాసమొస్తుంది. గోవింద నామం చెప్పుకోవడానికి ఊపిరి చాలకపోతే వేగం ఎక్కువైనట్టు, తగ్గించు. గాలిగోపురం దాటాక కాస్త తేలిక, మళ్లీ మోకాళ్ల మెట్టు దగ్గర నిటారు. దిగేటప్పుడు మాత్రం బస్సులో వద్దాం. దిగడంలో తొడ ముందు కండలు సాగుతూనే బరువు మోస్తాయి, మర్నాడూ ఆ మర్నాడూ కుర్చీలోంచి లేవనివ్వని నొప్పి దానివల్లే. ఆ రెండు మూడు రోజులూ లోతైన ఆసనాలు వద్దు, శవాసనం, నెమ్మదిగా నడక చాలు.

ఆఖరుగా శీర్షాసనం. యూట్యూబ్‌లో చూసి గోడకు ఆనుకుని మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. తల కిందికి పెడితే కంటి లోపలి ప్రెషర్ పెరుగుతుంది. మీ నాన్నకు గ్లాకోమా ఉంది, అది వంశంలో నడిచే జబ్బు. కళ్ల డాక్టరుకు చూపించుకునే దాకా దాని జోలికి పోవద్దు, బీపీ కూడా చూడమను. ఈ వారంలోనే వెళ్లి, ఏమన్నారో నాకు ఫోన్ చెయ్.

మీ అత్త