పక్కన పెట్టిన సోలోలు

చిరంజీవి తమ్ముడికి,

అమెరికా బృందం స్టీలీ డాన్ ఆల్బమ్ 'ఏజా' మీద నువ్వు రాసిన వ్యాసం మూడుసార్లు చదివాను. ఆ పాటల గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయాలనుకునే కుర్రాడు ఉన్నాడని సంతోషం పట్టలేక, ఆ రాత్రే ఆల్బమ్ మళ్ళీ పెట్టుకున్నాను. ఏడు పాటలు, నలభై నిమిషాలు. అంతా విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మొదటి రెండు పేజీల నిండా నీకు తెలిసిన సంగతులే ఉన్నాయి. ఆ బృందాన్ని నడిపిన వాల్టర్ బెకర్, డోనల్డ్ ఫేగన్ 1967లో బార్డ్ కాలేజీలో కలుసుకోవడం, 1974లో ఊరూరా కచేరీలు మానేసి స్టూడియోలో కూర్చోవడం, 1977 సెప్టెంబర్‌లో రికార్డు విడుదల, అమెరికాలో మూడో స్థానం దాకా ఎక్కడం, శబ్దగ్రహణానికి గ్రామీ. అన్నీ నిజాలే. కానీ పెళ్ళిపందిట్లో చదివింపులు చదువుతున్నట్టుంది నాయనా. పాట వినబడలేదు.

'పెగ్' పాటలోని గిటార్ సోలోను, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి పలికే ముక్కను, ఒక్క వాక్యంలో దాటేశావు. ఆగాల్సింది అక్కడే. ఆ కాసేపటి ఖాళీ కోసం అరడజను మందికి పైగా గిటారిస్టులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాయించి వెళ్ళారు. అందరూ చెయ్యి తిరిగినవాళ్ళే. చివరికి జే గ్రేడన్ వాయించినది నిలిచింది, అది కూడా గంటల తరబడి కూర్చున్నాక. ఇప్పుడు దాన్ని విను. తీగలు లాగుతుంటే స్వరాలు జారుతూ పైకి పోతాయి, ఎక్కడో హవాయి గిటార్ వాసన తగులుతుంది, అంతలోనే బ్లూస్‌లోకి వచ్చేస్తుంది. మెరుస్తూ సాగే ఆ పాటకు అలాంటి కొంటెతనమే కావాలి. వదిలేసిన సోలోలు బాగాలేక పోయినవి కావు, ఆ పాటకు అతకక పోయినవి.

నీ వ్యాసంలో అట్ట మీది బొమ్మ గురించి ఒక పేరా ఉంది. హిదెకి ఫుజీ తీసిన ఫొటోలో జపాన్ మోడల్ సయోకో యమగూచి, నల్లటి చీకటిలోంచి సగమే తేలినట్టున్న ఆ ముఖం. మొత్తం వ్యాసంలో అందమైన వచనం అదే. తీసెయ్. నువ్వు చెబుతున్నది చెవి గురించి, ఆ పేరా కంటి గురించి. పారెయ్యక్కర్లేదు, దాచుకో, మరో వ్యాసానికి పనికొస్తుంది.

ఇంకొకటి. ఈ రికార్డు యంత్రంలా నున్నగా ఉంటుందని అందరూ అంటారు, నువ్వూ అన్నావు. నేను ఒప్పుకోను. అదే 'పెగ్'లో బేస్ విను. తీగను బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ పద్ధతి వద్దని బెకర్, ఫేగన్ చక్ రెయినీకి ముందే చెప్పారు. ఆయన వాళ్ళకు చెయ్యి కనబడకుండా అటు తిరిగి కూర్చుని స్లాపే వాయించాడు. విన్నాక వాళ్ళకు నచ్చింది, ఉంచేశారు. ఇక ఎనిమిది నిమిషాల టైటిల్ పాట. స్టీవ్ గ్యాడ్ పేజీలకు పేజీల స్వరలిపి ముందు పెట్టుకుని, ఒకటి రెండు టేకుల్లో డ్రమ్స్ ముగించేశాడు. వేన్ షార్టర్ శాక్సఫోన్ కింద ఆ డ్రమ్స్ ఎలా రేగుతాయో విను! అంత కట్టుదిట్టంగా పాట కట్టుకున్నారు కనుకే మధ్యలో ఆ గాలివానకు చోటు దొరికింది. నాకు ఈ రికార్డు మీద ప్రేమ అక్కడ పుట్టింది.

'డీకన్ బ్లూస్' గురించి నువ్వు కథ చెప్పావు కానీ సంగతి పట్టుకోలేదు. శాక్సఫోన్ నేర్చుకోవాలని, ఓడినా తనకు నచ్చినట్టు బతకాలని కలగనే మనిషి పాట అది. అతను కోరుకున్న ఆ శాక్సఫోన్ మనకు నిజంగా వినబడుతుంది. టీవీలో జానీ కార్సన్ షో బ్యాండ్‌లో విని నచ్చి, వెతికి మరీ పిలిపించిన పీట్ క్రిస్ట్‌లీబ్ అరగంటలో వాయించేసి వెళ్ళిపోయాడు. పాటలోని మనిషికి జీవితమంతా అందనిది ఇంకొకడి ఊపిరిలో ఎంత సులువుగా పలికిందో చూడు. నాకు ఆ చోట ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

భాష సంగతి. కొన్ని స్వరాలు ఒకేసారి మోగే కార్డ్‌ను 'స్వరగుచ్ఛం' అన్నావు, కార్డ్ అనే రాయి. వాళ్ళకు ఇష్టమైన మ్యూ మేజర్ కార్డ్‌ను మాత్రం మన చెవికి చెప్పొచ్చు: శంకరాభరణంలోని స, గ, ప కలిసి మోగుతుంటే పక్కన రి కూడా చేరినట్టు. ఊగుతూ నడిచే షఫుల్ తాళాన్ని తిశ్రగతితో పోల్చావు, నిజమే, అక్కడ ప్రతి దెబ్బా మూడు ముక్కలవుతుంది. కానీ 'డీకన్ బ్లూస్'కు రాగం పేరు పెట్టావే, అది కొట్టెయ్. కార్డులు మారుతూ ఆధార షడ్జమే కదిలిపోయే పాటను ఒక రాగంలో కూర్చోబెట్టలేవు.

'హోమ్ ఎట్ లాస్ట్' ఊసే ఎత్తలేదు నువ్వు. ఈ వారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదొక్కటే విను. డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ పెద్ద దెబ్బల మధ్య స్నేర్ డ్రమ్ మీద వినీ వినబడనట్టు చిన్న చిన్న దెబ్బలు వేస్తుంటాడు. వాటి గురించి నాలుగు వాక్యాలు రాసి పంపు. మిగతా వ్యాసం సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అన్నయ్య