గేమ్ పెట్టెల రూపం మీద రాయబోతున్న మేనల్లుడికి

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. డిజైను కోర్సులో మొదటి ప్రాజెక్టుగా టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ పెట్టెల, అంటే కన్సోళ్ల, రూపం మీద అభిప్రాయాలు రాయమన్నారని చెప్పి నీవు పంపిన చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. నీ వాక్యం బాగుంది. కానీ అందులోని తీర్పులన్నీ ఫొటోలు చూసి ఇచ్చినవని చదువుతున్నంతసేపూ తెలుస్తూనే ఉంది. ఒకటి అందంగా ఉందన్నావు, ఇంకొకటి వికారంగా ఉందన్నావు, ఎందుకన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. ట్రంకు రోడ్డు పక్క సందులో ముప్పై ఏళ్లకు పైగా టీవీలతో పాటు ఈ పెట్టెలను కూడా విప్పి బాగుచేసినవాడిని కాబట్టి, ఆ 'ఎందుకు' అన్నది ఎక్కడ దొరుకుతుందో నీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఏ పెట్టె గురించి రాసినా, అది ఏ ఇంట్లో ఎక్కడ కూర్చోవడానికి తయారైందో ముందుగా తెలుసుకో. 1983లో జపానులో నింటెండో ఫామికామ్ వచ్చినప్పుడు అది ఎరుపు, తెలుపు రంగుల చిన్న పెట్టె. రెండు జాయ్‌స్టిక్కులూ దానికే తీగలతో అతికి ఉండేవి, ఆట అయ్యాక వాటిని పెట్టెకు రెండు పక్కలా ఉన్న గూళ్లలో నిలబెట్టేవారు. చూడగానే పిల్లల వస్తువు అని తెలిసేది. అదే యంత్రాన్ని 1985లో అమెరికాకు పంపినప్పుడు వేషమంతా మార్చేశారు. అంతకు రెండేళ్ల ముందు అక్కడ వీడియో గేముల వ్యాపారం కుప్పకూలి, వాటిని అరల్లో పెట్టడానికే దుకాణదారులు జంకుతున్న రోజులవి. అందుకని దాన్ని వీడియో క్యాసెట్లు వేసి చూసే వీసీఆర్ లాగా, బూడిదరంగులో, ముందు మూత తెరిచి ఆట ఉన్న క్యాసెట్‌ను లోపలికి తోసే విధంగా రూపొందించారు. ఆ వేషానికి మూల్యం లోపలి కనెక్టరు చెల్లించింది. క్యాసెట్‌ను తోసి కిందికి నొక్కడం వల్ల పిన్నులు క్రమంగా వంగి, పట్టు సడలి, తెర మినుకుమినుకుమనేది. చివరికి 1993లో క్యాసెట్ పైనుంచి పెట్టే మోడలు తెచ్చారు. నీ చిత్తుప్రతిలో ఈ రెండు పెట్టెల ఫొటోలు పక్కపక్కనే పెట్టి, మొదటిది ముద్దుగా ఉందనీ, రెండోది నీరసంగా ఉందనీ ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ నీరసం వెనుక అంత వ్యాపార భయం ఉందని తెలిస్తే ఆ వాక్యాన్ని నీవే మరోలా రాసి ఉండేవాడివి.

ఇక వేడి సంగతి. దీని మీద నీవు ఒక్క ముక్క కూడా రాయలేదు, నేను ఎక్కువగా చెప్పవలసింది దీని గురించే. మే నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం రెండు గంటలకు మిద్దె గది ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఒక ఎండాకాలం మైపాడు వైపు నుంచి ఒకాయన, ఆడుతుండగానే ఆగిపోతోందని ఒక పెట్టె పట్టుకొచ్చాడు. బల్ల మీద పెట్టి సాయంత్రం దాకా నడిపినా ఆగలేదు. రెండోసారి కూడా అదే ఫిర్యాదుతో వస్తే వాళ్లింటికే వెళ్లాను. టీవీ కింద షోకేసు, దానికి అద్దం తలుపు, ఆ తలుపు వెనుక పెట్టె, పెట్టె మీద దుమ్ము పడకుండా ఇంటావిడ ఇష్టంగా అల్లుకున్న దారపు గుడ్డ. ఆ అల్లిక గాలి వదిలే సందులన్నింటినీ కప్పేసింది. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ సందులు అలంకారపు గీతల్లా సన్నగా, ఒకే వరుసలో ఉన్నాయి. అవి యంత్రం ఊపిరి తీసుకునే ముక్కులని ఆ రూపం ఆమెకు చెప్పలేకపోయింది. పెట్టె రూపానికి నేను మొట్టమొదట పెట్టే పరీక్ష అప్పటినుంచీ ఇదే: ఎక్కడ కప్పకూడదో చూసీ చూడగానే తెలుస్తోందా, లేదా?

ఈ కళ్లతో 2020లో వచ్చిన రెండు పెట్టెలను మళ్లీ చూడు. ప్లేస్టేషన్ 5 నిలబెడితే దాదాపు 39 సెంటీమీటర్ల ఎత్తు, నాలుగున్నర కిలోల బరువు. మరీ పెద్దదని, తెల్లని కాలరు ఎత్తి నిలుచున్నట్టు ఉందని నీవు ఆక్షేపించావు. దాని లోపల 120 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్యాను ఉంది, దాని వెనుక పెద్ద హీట్ సింక్, అంటే వేడిని లాగి గాలికి వదిలే లోహపు దిమ్మ, ఉంది. ఆ ఎత్తూ లావూ చాలావరకు వాటి కోసమే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అదే పనిని మరో విధంగా చేసింది. అది 15 సెంటీమీటర్ల చదరం మీద 30 సెంటీమీటర్లు లేచిన నల్లని స్తంభం. నిలబెట్టినప్పుడు చల్లగాలి అడుగునుంచి లోపలికి వెళుతుంది, పైనున్న ఒకే ఒక్క పెద్ద ఫ్యాను వేడిగాలిని పైకి తోసేస్తుంది. మన పాత మిద్దెల్లో గోడ పైభాగాన వెంటిలేటరు వదిలేవారు కదా, ఆలోచన అదే. పై కప్పులోని గుండ్రని కన్నాల లోపలి అంచులకు ఆకుపచ్చ రంగు వేశారు, వంగి చూస్తే కనిపిస్తుంది. గాలి పోయే చోటికే కంటిని రప్పించారు కాబట్టి ఈ రెండింటిలో నా మొగ్గు దీనివైపే. నీకు మొదటిదే నచ్చవచ్చు, అభ్యంతరం లేదు, గాలి సంగతి చెప్పిన తర్వాతే నచ్చిందని రాయి.

చేతి గురించి కూడా ఫొటో ఏమీ చెప్పదు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాళ్ల దగ్గరికి నిన్ను తీసుకెళ్లినప్పుడు, కాడ సన్నబడే చోట వాళ్లు బొటనవేలితో నిమిరి చూసి మళ్లీ చెక్కడం నీవు గమనించావు. ఫామికామ్ తొలి జాయ్‌స్టిక్కులకు చదరపు రబ్బరు బటన్లు ఉండేవి. చూడటానికి పొందికగా ఉండేవి కానీ నొక్కినప్పుడు అంచున ఇరుక్కుపోయేవి, అందుకే త్వరలోనే వాటి బదులు గట్టి ప్లాస్టిక్ గుండ్రని బటన్లు పెట్టారు. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌తో ఇచ్చిన జాయ్‌స్టిక్ చాలామంది చేతుల్లో ఇమడనంత పెద్దది. జపాను వాళ్ల కోసం చేసిన చిన్నదాన్నే తర్వాత మిగతా దేశాల్లోనూ ఇచ్చారు. నీ చేతికి సరిపోయిందని ఊరుకోకుండా మీ చెల్లికీ, నాయనమ్మకూ కూడా ఇచ్చి, వాళ్ల వేళ్లు ఎక్కడ ఆగుతున్నాయో రాసుకో.

నునుపు గురించి రెండు మాటలు చాలు. చీమకుర్తి నల్లరాయి పాలిష్ పెట్టిన రోజు ఎంత మెరుస్తుందో, ఇంట్లో పరిచిన మర్నాటినుంచి వేలిముద్రనూ ధూళినీ అంతగా చూపిస్తుంది. 2006 నాటి ప్లేస్టేషన్ 3 నల్లని మెరుపుకూ అదే గతి పట్టింది. 2009లో వచ్చిన పలుచని మోడలుకు మెరుపు లేని గరుకు పైపూత ఇచ్చారు.

గుర్తుల గురించి నీవు రాసిన పేరా బాగుంది, దానికి ఒకటి చేర్చు. ప్లేస్టేషన్ జాయ్‌స్టిక్ మీది నాలుగు గుర్తులను రూపొందించిన తెయియు గోటో త్రిభుజాన్ని చూపుకూ, చతురస్రాన్ని కాగితానికీ, వృత్తాన్ని అవుననడానికీ, అడ్డగుర్తును కాదనడానికీ ఉద్దేశించాడు. జపానులో చాలాకాలం వృత్తమే ఒప్పుకోలుగా నడిస్తే, పడమటి దేశాల్లో అడ్డగుర్తు ఒప్పుకోలైంది. ప్లేస్టేషన్ 5 జాయ్‌స్టిక్ వెనుక గరుకు దగ్గర భూతద్దం పెట్టి చూస్తే ఆ గరుకంతా ఈ నాలుగు గుర్తులే, ఆవగింజకన్నా చిన్నవి. నాకు చాలా ఇష్టమైన పనితనం అది. పట్టు కోసం ఎలాగూ గరుకు కావాలి కాబట్టి, ఆ గరుకునే తమ గుర్తులతో నింపారు.

దసరాకు వచ్చినప్పుడు దుకాణం అటక మీదున్న పాత క్యాసెట్ పెట్టెను దించి నీకిస్తాను. తొంభైల్లో మన బజారులో అమ్మిన ఫామికామ్ నకళ్లలో అదొకటి. పడమటి కిటికీ పక్కన ఏళ్ల తరబడి ఉండటంతో ఎండకూ వేడికీ పైడొప్ప మాగిన అరటితొక్క రంగుకు తిరిగింది. క్యాసెట్ దిగి ఉన్న చోట మాత్రం, ఆ అంగుళం మేర, కొన్ననాటి తెలుపు అలాగే ఉంది. బటన్ల మీది అక్షరాల్లో 'ఎ' పూర్తిగా చెరిగిపోయింది, 'బి' సగం మిగిలింది. ముందు దాని బొమ్మ గీయి, తర్వాతే స్క్రూలు విప్పు. అడుగు స్క్రూలు పొడవైనవి, లోపలివి పొట్టివి, కలిసిపోకుండా వాటిని రెండు గిన్నెల్లో వేరుగా పెట్టుకో.

ఇట్లు,
నీ మామయ్య